బొంత మందం చూసి అంచు కోయండి

ఇంట్లో పాత బొంత ఉంటే ఒకసారి తీసి చూడండి. నడిమధ్య గుడ్డ ఇంకా గట్టిగానే ఉంటుంది. తలవైపు అంచు మాత్రం పీలికలైపోయి, లోపలి పొరలు బయటికి తొంగిచూస్తుంటాయి. ఎందుకుండవు? చలేసినప్పుడు గడ్డం దాకా లాక్కునేది అంచు పట్టుకునే. ఉతికాక తడిసి బరువెక్కిన బొంతను ఇద్దరు చెరో కొసా పట్టుకుని పిండేదీ, దండెం మీదికి ఎత్తేదీ అంచుతోనే. తలకు రాసుకున్న కొబ్బరినూనె ముందుగా అంటేది దానికే, అందుకే సబ్బూ బ్రష్షూ ఎక్కువ పడేది అక్కడే. బొంతలో అన్ని దెబ్బలూ కాసేది అంచు. దానికి గుడ్డ కోసేటప్పుడే మనం చెయ్యి బిగబడుతున్నాం. బొంతలు కుట్టేవాళ్లూ, కుట్టించేవాళ్లూ, ఆర్డర్లిచ్చేవాళ్లూ ఈ విషయంలో పద్ధతి మార్చుకోవాలని అడగడానికే ఇది రాస్తున్నాను.

తెనాలిలో నాకొక కుట్టు మిషన్ ఉంది, అదే నా బతుకుతెరువు. ఏడాది పొడుగునా జాకెట్లూ లంగాలూ, చలికాలం దగ్గర పడుతుంటే బొంతలు. మా వీధి ఆడవాళ్లం కొందరం కలిసి ఆర్డర్లు కూడా తీసుకుంటాం. పట్నంలో అమ్ముకునే ఒక వ్యాపారి తరఫున ఆ మధ్య మాకొక పెద్ద ఆర్డరు వచ్చింది. కొలతలన్నీ కాగితం మీద రాసి పంపారు: పొడవు 90 అంగుళాలు, వెడల్పు 60, అంచు పట్టీ 2 అంగుళాలు, కనపడే అంచు పావు అంగుళం. బొంత లోపల ఏముండాలో మాత్రం మాకే వదిలేశారు. చీరల మధ్య పాత దుప్పటి కూడా పెట్టమని నోటిమాటగా చెప్పారు.

ఆ పని చేస్తున్న అమ్మాయి మధ్యాహ్నం నా దగ్గరికి వచ్చింది. “అక్కా, పట్టీ వెనక్కి తిప్పితే కుట్టు దగ్గరికే రావట్లేదు. లాగి కుడుతుంటే కొస అంతా దోనెలా ముడుచుకుంటోంది” అంది. ముడుచుకోక ఏమవుతుంది? ఆ బొంత మందం పావు అంగుళం. 2 అంగుళాల పట్టీ దానికి చాలదు. ఆర్డరిచ్చినాయనకు ఫోన్ చేస్తే, “అంచు సన్నగా ఉంటేనే నీటుగా ఉంటుందమ్మా, కస్టమర్లు అదే అడుగుతున్నారు” అన్నారు. కంటికి సన్నగా కనపడటం వేరు, కోసే పట్టీ సన్నగా ఉండటం వేరు. ఈ రెంటికీ తేడా తెలియని మనిషి కొలత రాసి పంపితే, కుట్టే చెయ్యి ఎంత మంచిదైనా ఆ బొంత బాగుపడదు.

ఎలా కుడతామో చెబుతాను. అంచు పట్టీని నిడుపునా సగానికి మడుస్తాం, గుడ్డ రెండు పొరలవుతుంది. మడత లేని వైపును బొంత ముఖం మీద పెట్టి, బొంత కొసతో సరిచేసి మిషన్ మీద కుడతాం. తర్వాత మడతను కొస మీదుగా వెనక్కి తిప్పి, వెనకనున్న కుట్టు వరసను కప్పేలా పెట్టి చేత్తో ఎమ్మింగ్ చేస్తాం. ఇందులో పట్టీ ఎక్కడెక్కడ ఖర్చవుతుందో చూడండి. కొస నుంచి కుట్టు దాకా లోపల దాగిపోయేది కొంత. కుట్టు నుంచి మళ్లీ కొస దాకా పైకి కనపడేది అంతే. బొంత మందాన్ని దాటడానికి కొంత. వెనక కొస నుంచి కుట్టు వరస దాకా పోయి, దాన్ని ఇంకో అరపావు అంగుళం దాటడానికి కొంత. ఇవన్నీ కూడి, రెండు పొరలు కాబట్టి రెండింతలు చేస్తే పట్టీ వెడల్పు వస్తుంది.

కుట్టు కొసకు పావు అంగుళం లోపలికి వేసి, బొంత మందం అరపావు అంగుళం అయితే 2 అంగుళాల పట్టీ సరిగ్గా సరిపోతుంది. మందం పావు అంగుళమైతే 2¼ కావాలి. అదే మందానికి కుట్టు పావూ అరపావూ కలిపి లోపలికి వేస్తే 3 అంగుళాలు. అర అంగుళం మందమున్న దూది రజాయికి కుట్టు కూడా అర అంగుళం లోపలికి పడితే 4¼ దాకా పోతుంది. అన్నిటికీ 2 అంగుళాలని ఎవరైనా కాగితం మీద రాసేస్తే, వాళ్లు బొంతను చేత్తో పట్టుకుని చూడలేదన్నమాట.

లెక్కలు వద్దనుకునేవాళ్లకు కాగితం ముక్క చాలు. మా దగ్గర నేర్చుకునే పిల్లలకు నేను చూపించేది ఇదే. బొంత పొరలన్నీ కలిపి కుట్టడం పూర్తయి, కొసలు సరిగా కత్తిరించాక, ఒక సన్నటి కాగితం పట్టీ తీసుకోండి. ముఖం వైపు కుట్టు ఎక్కడ పడాలనుకున్నారో అక్కడ దాని మొదలు పెట్టండి. కొస మీదుగా తిప్పి వెనక్కి తెచ్చి, కుట్టు పడే చోటు దాటాక అరపావు అంగుళం దగ్గర గుర్తు పెట్టండి. తిప్పేటప్పుడు మిషన్ ఫుట్ నొక్కినంతగా బొంతను వేళ్లతో నొక్కి ఉంచాలి, ఎందుకంటే వదులుగా ఉన్న బొంత అసలు కంటే లావుగా కొలతకు వస్తుంది. ఆ గుర్తు దాకా ఉన్న పొడవుకు, లోపల దాగిపోయే కుట్టు వెడల్పు ఒకసారి కలిపి రెండింతలు చేయండి. ఆ బొంతకు పట్టీ అంత వెడల్పే కోయాలి. పక్క బొంతకు మళ్లీ కొలవాలి.

ఇక కుట్టు ఎంత లోపలికి వేయాలన్న ప్రశ్న. ఇక్కడ నాకు గట్టి అభిప్రాయమే ఉంది. పాత చీరలతో చేసిన బొంతకు పావు అంగుళం కుట్టు వద్దు. ఏళ్ల తరబడి కట్టి ఉతికిన నేత చీరలో పోగులు అరిగి పలచబడి ఉంటాయి. కొసకు దగ్గరగా సూది పడితే, రెండు మూడు ఉతుకులకే ఆ పోగులు కుట్టులోంచి జారిపోతాయి. పట్టీ బాగానే ఉంటుంది, దాన్ని పట్టుకున్న గుడ్డ మాత్రం ఊడి వచ్చేస్తుంది. ఇంకొక్క అరపావు లోపలికి జరిగితే పట్టు దొరుకుతుంది. అందుకే రోజూ కప్పుకునే పెద్ద బొంతకు నేను 3 అంగుళాల పట్టీ కోస్తాను. పసిపిల్లల బొంతల సంగతి వేరు. అవి పలచన, తరచూ ఉతికినా తేలిక, వాటికి కొత్త గుడ్డే వాడతాం కాబట్టి 2 అంగుళాలు చాలు. అక్కడ వెడల్పు అంచు పెడితే పిల్ల ఒంటికి బిరుసుగా తగులుతుంది కూడా.

ఈ మధ్య మా అమ్మాయిలు యూట్యూబ్ చూసి రెండున్నర ఇంచులంటున్నారు. అమెరికాలో ఉన్న మా చెల్లెలి కూతుర్ని అడిగాను, తనూ అక్కడి వాళ్లతో కలిసి బొంతలు కుడుతుంది. “అవును పెద్దమ్మా, ఇక్కడ ఎక్కువమంది అదే కోస్తారు, కొందరు రెండుంబావు. షాపుల్లో రెండున్నర వెడల్పున కోసి చుట్టిన పట్టీలు కూడా దొరుకుతాయి, జెల్లీ రోల్ అంటారు” అని చెప్పింది. వాళ్ల బొంతలో పైన ఒక పొర, అడుగున ఒక పొర, మధ్యలో ఫ్యాక్టరీలో ఒకే మందంగా పరిచి వచ్చిన పలచటి దూది పరుపు. అందరిదీ దాదాపు ఒకే మందం కాబట్టి అందరికీ ఒకే కొలత నప్పుతుంది. మన బొంతలో ఏముందో కుట్టినావిడకే తెలుసు. ఒక ఇంట్లో నాలుగు చీరలు, ఇంకో ఇంట్లో ఆరు చీరలూ ఒక చిరిగిన దుప్పటీ, మరో ఇంట్లో తాతగారి పంచెలు. వాళ్ల కొలత మంచిదే, వాళ్ల బొంతకు.

వెడల్పు అంచు మోటుగా ఉంటుందన్న మాట నేను ఒప్పుకోను. పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్ ప్రాంతపు ఆమిష్ ఆడవాళ్లు కుట్టిన పాత బొంతలకు వెడల్పాటి అంచులే ఉంటాయి, అదీ తరచు వేరే రంగులో కొట్టొచ్చినట్టు. ఆ బొంతల్ని ఇవాళ మ్యూజియంలు గోడలకు వేలాడదీసుకుంటున్నాయి. మనకు దగ్గర్లో, కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో, ఆఫ్రికా నుంచి వచ్చినవారి వారసులైన సిద్దీలున్నారు. వాళ్ల ఆడవాళ్లు కుట్టే కవండి అనే బొంత చూసి నేను ముచ్చటపడ్డాను. వాళ్లు అంచుకు వేరే పట్టీ వేయరు. కొసలు లోపలికి మడిచి అక్కడే మొదటి కుట్టు వేస్తారు, అక్కడి నుంచి చుట్టూ తిరుగుతూ ముక్కలు చేర్చుకుంటూ నడిమధ్యకు చేరతారు. మూలల్లో మడతపెట్టిన చిన్న గుడ్డ ముక్కలు కుడతారు, వాటిని ఫూలా అంటారు. అవి పెడితేనే కవండి పూర్తయినట్టు. నాకు నచ్చింది ఆ వరస. వాళ్లకు అంచుతోనే పని మొదలు. మనం బొంత అంతా అయ్యాక, సంచీ అడుగున ఏ గుడ్డ మిగిలితే దానితో అంచు కానిస్తాం.

మిగిలిన గుడ్డ అన్నాను కదా, దాని గురించి కూడా చెప్పాలి. బొంత లోపలికి పాత చీర ఎంతైనా వాడండి, మెత్తదనం దానిదే. అంచుకు మాత్రం కొత్త నూలు గుడ్డ కావాలి. ఎక్కువ అరిగే చోట ముందే అరిగిన గుడ్డ పెట్టడంలో అర్థం లేదు. చీర అంచునే కోసి బొంత అంచుగా వేసే అలవాటు మా వైపు ఉంది. జరీ లేని నేత అంచైతే ఒప్పుకుంటాను, అక్కడ నేత గట్టిగానే ఉంటుంది. మంగళగిరి చీర జరీ అంచు చూడటానికి ఎంత బాగున్నా మెడ దగ్గర గీరుకుంటుంది, పసివాళ్ల బుగ్గలకైతే అసలే వద్దు. పాలిస్టర్ చీర ముక్క గట్టిదే, కానీ ఉతికాక బొంతలోని కొత్త నూలు గుడ్డ ముడుచుకుంటుంది, పాలిస్టర్ ముడుచుకోదు. కొస అంతా అలలు తేలుతుంది. కొత్త నూలు గుడ్డ కూడా తెచ్చిన వెంటనే కోయకూడదు. ఒకసారి నీళ్లలో నానబెట్టి, ఆరబెట్టి, ఇస్త్రీ చేయాలి. గంజి పోతుంది, ముడుచుకోవలసింది ముందే ముడుచుకుంటుంది, ఎరుపో మెరూనో అయితే రంగు దిగేదీ లేనిదీ అప్పుడే తెలుస్తుంది. నానబెట్టకుండా వేసిన ఎర్ర పట్టీ మొదటి ఉతుకులోనే తెల్లటి బొంతను పాడుచేస్తుంది.

కోసేటప్పుడు మొదటి కొస చింపండి, దారం వెంట తిన్నగా వస్తుంది. అక్కడి నుంచి టేపు పెట్టి సుద్దతో గీసి కత్తెరతో కోయండి. అన్ని పట్టీలూ చింపుకుంటూ పోతే కొసలు సాగి అలలు తిరుగుతాయి, పోగులు ఊడి అరపావు అంగుళం అక్కడే పోతుంది. తిన్నటి కొసలున్న బొంతకు నిలువు పట్టీయే చాలు. మూలలు గుండ్రంగా కత్తిరించిన బొంతకు మాత్రం క్రాస్ పట్టీ తప్పదు, వంపు దగ్గర అది సాగి ఒదుగుతుంది. క్రాస్‌లో ఇంకో లాభం కూడా ఉంది: నిలువు పట్టీలో కొస మడత పొడుగునా దాదాపు అవే పోగులు రాపిడికి దొరుకుతాయి, క్రాస్‌లో పోగులు మడతను ఏటవాలుగా దాటుతాయి కాబట్టి అరుగుదల పంచుకుంటాయి. గుడ్డ ఎక్కువ పడుతుంది, నిజమే. రోజూ వాడే బొంతకు ఆ ఖర్చు పెట్టాలా వద్దా అన్నది ఎవరి వీలు వారిది.

ఇక డబ్బు లెక్క. 90కి 60 బొంతకు చుట్టుకొలత 300 అంగుళాలు. మూలలకూ అతుకులకూ 12 కలుపుకుంటే 312. 44 అంగుళాల పన్నా గుడ్డలో అడ్డంగా కోసిన ఒక్కో పట్టీ, ఏటవాలు అతుకు పోగా, 40 అంగుళాల దాకా వస్తుంది. అంటే 8 పట్టీలు. 2 అంగుళాల చొప్పున కోస్తే 16 అంగుళాల గుడ్డ, 3 అంగుళాల చొప్పున అయితే 24. తేడా 8 అంగుళాలు, అంటే 20 సెంటీమీటర్లు. మీటరు 100 రూపాయల గుడ్డకు 20 రూపాయలు. ఈ 20 రూపాయలు మిగుల్చుకోవడానికి ఒక ఇంటి చీరలన్నీ పోసి, వారాల తరబడి కూర్చుని కుట్టిన బొంతను అంచు దగ్గర వదిలేస్తున్నాం.

గుడ్డ ఖర్చు కంటే కష్టమైనది చేతిపని. వెనకవైపు 300 అంగుళాలు చేత్తో ఎమ్మింగ్ చేయాలి. అంగుళానికి 6 కుట్లు వేసినా 1800 కుట్లు. మూలల దగ్గర పట్టీని ఏటవాలుగా మడిచి, ముఖం వైపూ వెనకవైపూ మడత ఒకే చోట కలిసేలా కూర్చి, తెరుచుకోకుండా అక్కడ కూడా కుట్టాలి. కంటిచూపుతో, నడుంనొప్పితో చేసే పని అది. కానీ మాకు కూలి బొంతకింత అని కడతారు. అంచు ఎవరూ విడిగా లెక్కపెట్టరు. అందుకని తొందరలో ఉన్నవాళ్లు సన్నటి పట్టీ తెచ్చి, ముఖం వైపు నుంచే మిషన్ కుట్టు ఒకటి లాగించేస్తారు, వెనక కుట్టు పడిందో లేదో చూడరు. వాళ్లను తప్పుపట్టలేను. ఆ కూలికి ఎవరైనా అంతే చేస్తారు.

కాబట్టి ఆర్డర్లిచ్చే వ్యాపారులనూ, ఎగ్జిబిషన్ల కోసం మహిళా సంఘాల చేత కుట్టించేవాళ్లనూ నేను అడిగేవి ఇవి. కాగితం మీద పట్టీ వెడల్పు రాయకండి. బొంతలో ఎన్ని పొరలుండాలో, మందం ఎంత ఉండాలో, పైకి అంచు ఎంత కనపడాలో రాయండి. పట్టీ ఎంత కోయాలో కుట్టేవాళ్లు కొలుచుకుంటారు. అంచు పనికి కూలి విడిగా, అంగుళాల లెక్కన కట్టండి. కుట్టు నేర్పే సెంటర్లలో జాకెట్ మెడకు పైపింగ్ నేర్పినట్టే బొంత అంచు కొలవడం కూడా నేర్పాలి. జాకెట్ పైపింగ్ గుడ్డ ఒంటి మీద ఉండేది, ఆ కొలతలు బొంతకు పనికిరావు. ఈ తేడా తెలియకుండానే సర్టిఫికెట్ తీసుకుని వచ్చే పిల్లలు మా దగ్గర చేరుతున్నారు.

కొనేవాళ్లు ఎగ్జిబిషన్‌లో బొంత ముందు నిలబడి రంగులు చూసి మురిసిపోతారు. రంగులు చూడండి, కాదనను. తర్వాత కొసను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి చుట్టూ నడిపించండి. అంచు లోపల బొంత నిండుగా తగలాలి. ఎక్కడైనా ఖాళీ గుడ్డ మాత్రమే చేతికొస్తే అక్కడ పట్టీ బొంత కంటే పెద్దదైంది, ఆ ఖాళీ మడతే ముందు చిరుగుతుంది. కొస ఒకవైపుకు ముడుచుకుని ఉంటే పట్టీ చిన్నదైంది. అమెరికాలో బొంతల పోటీలకు జడ్జీలుగా వచ్చేవాళ్లు కూడా అంచు నిండుగా ఉందా అని ఇలాగే వేళ్లతో చూస్తారని మా చెల్లెలి కూతురు చెప్పింది. తిప్పి వెనకవైపు చూడండి, కుట్టు వరస కనపడకూడదు. మూల ఒకటి పట్టుకుని మెల్లగా లాగండి. ఇంత చూసి కొనేవాళ్లు పదిమంది వస్తే, సన్నటి పట్టీ రాసి పంపే వ్యాపారి తనంతట తానే మానుకుంటాడు.

అంచు పోయిన బొంతను పారేయడానికో, కుక్కకు వేయడానికో తీసేవాళ్లకు ఒక మాట. నడిమధ్య బాగుంటే అది ఇంకా చాలా ఏళ్లు వస్తుంది. పాత అంచు కుట్టు విప్పి తీసేయండి. నలిగిన కొస అర అంగుళం మేర తిన్నగా కత్తిరించండి. కొత్త కొస మీద పాత సూది బెజ్జాలు కొన్ని మిగిలే ఉంటాయి, గుడ్డ కూడా అక్కడ పలచనై ఉంటుంది, కాబట్టి కొత్త కుట్టు అర అంగుళం లోపలికి పడాలి. బొంత మందం పావు అంగుళమైతే దానికి పట్టీ 3¾ అంగుళాలు కోయండి. నానబెట్టి ఆరబెట్టిన ముదురు రంగు నూలు గుడ్డ తీసుకోండి, నూనె మరక తొందరగా కనపడదు. అతుకు మూలలో రాకుండా, పక్క కొస మధ్యలో వచ్చేలా మొదలుపెట్టండి. కాళ్లవైపు కొస తక్కువ నలుగుతుంది కాబట్టి దాన్ని ఇకనుంచి తలవైపు చేసుకోండి, తెలియడానికి ఒక మూల వేరే రంగు దారంతో గుర్తు కుట్టుకోండి.